మూడో సెక్షన్ లెక్కల టీచరు

ఆ బడిలో ఎనిమిదో తరగతి మూడో సెక్షన్ అంటే ఏమిటో ఎవరికీ విప్పి చెప్పాల్సిన పని లేదు. మొదటి సెక్షన్లో చదివేవాళ్ళుంటారు. రెండో సెక్షన్లో వెంటపడితే చదివేవాళ్ళుంటారు. మిగిలినవాళ్ళందరూ మూడో సెక్షన్. వాళ్ళ గది వరండా చివర, రేకుల కప్పు కింద. గోడకి అవతల డొక్కు కార్లకు సొట్టలు తీసే షెడ్డు ఉండేది. పొద్దున్నించి సాయంత్రం దాకా సుత్తి దెబ్బలు పడుతూనే ఉండేవి. పాత లెక్కల మాస్టారు రిటైరవడానికి చాలా ముందే ఆ గదిలో పాఠం చెప్పడం మానేశాడు. "చదువుకోండర్రా" అని కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకునేవాడు. సుత్తి మోత ఆగితేనే ఉలిక్కిపడి లేచేవాడని పిల్లలు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆయన తర్వాత బదిలీ మీద వచ్చిన లెక్కల టీచరు నలభై దాటిన మనిషి. చూడ్డానికి గాలేస్తే పడిపోయేలా ఉండేది గానీ గొంతు మాత్రం ఆ మనిషిది కాదన్నట్టుండేది. వచ్చిన రోజునే హెడ్‌మాస్టర్ ఆమెను పక్కకి పిలిచి తనకు తెలిసిన మంచి మాట చెప్పాడు.

"మొదటి సెక్షన్ మీద దృష్టి పెట్టండి మేడమ్. రిజల్ట్స్ వచ్చేది అక్కణ్ణించే. మూడో సెక్షన్ వాళ్ళని గొడవ చెయ్యకుండా కూచోబెడితే అదే పదివేలు."

"వాళ్ళకి నేర్పొద్దంటారా?"

"నేర్పొద్దని ఎవరన్నారు? ఆశ పెట్టుకోవద్దంటున్నా. మీ ఆరోగ్యం కోసమే చెప్తున్నా."

ఆమె సరేనని తలూపి నేరుగా మూడో సెక్షన్‌కే వెళ్ళింది. ఆ పిల్లలకు ఒక్కటి మాత్రం బాగా వచ్చని మొదటి వారంలోనే కనిపెట్టింది. ఎత్తి రాయడం. బోర్డు మీద ఏముంటే అది, గీత తప్పకుండా, గుండ్రటి అక్షరాలతో దించేసేవాళ్ళు. ఆమె కావాలని ఒకరోజు తప్పు లెక్క రాసింది. సగానికి మూడోవంతు కలిపితే అయిదింట రెండు వంతులు. పైవి పైవి కూడి, కిందవి కిందవి కూడి రాసేసింది. అందరూ బుద్ధిగా దించుకున్నారు.

"ఇది ఒప్పా?" అని అడిగింది.

ఒప్పే టీచర్ అని గదంతా ఒక్క గొంతుతో పలికింది.

"ఎందుకు ఒప్పు?"

ఆ ప్రశ్న ఆ గదిలో అంతకుముందెప్పుడూ పుట్టలేదు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక బెంచీలో కుర్రాడొకడు లేచి "మీరు రాశారు కాబట్టి" అన్నాడు. వాడికి ప్రతి పరీక్షలోనూ అదే మార్కు వస్తుందని అందరూ వాణ్ణి సున్నా అనే పిలిచేవారు. వాడికీ ఆ పేరు మీద కోపం లేదు. ఉంటే ఆ పేరుకి పలికేవాడు కాదేమో.

"నేను తప్పు రాయకూడదా?"

"రాస్తే మాకెలా తెలుస్తుంది టీచర్?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కిటికీ పక్కన కూచున్న ఒక పిల్ల పెదాలు కదలడం చూసింది. ఆ పిల్ల ఏం మాట్లాడినా తనలో తనే మాట్లాడుకుంటుంది, అందుకే ఆ పిల్లకు గొణుగుడు అని పేరు. తల్లి ఆసుపత్రిలో వార్డులు తుడుస్తుంది.

"ఏంటమ్మా అంటున్నావ్?"

"ఏం లేదు టీచర్."

"ఏదో ఉంది. సుత్తి ఆగనీ, అప్పుడు చెబుదువుగాని."

అవతల సుత్తి ఆగేదాకా గదంతా ఎదురుచూసింది. ఆ పిల్ల లేచి నిలబడి, బెంచీని చూస్తూ చెప్పింది. "సగం కన్నా తక్కువొచ్చింది టీచర్. అయిదింట రెండంటే సగం కన్నా తక్కువ కదా. సగానికి ఇంకొంచెం కలిపితే, తక్కువ ఎలా అవుతుంది?"

లెక్కల టీచరు సుద్దముక్క తీసుకెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టి, "అది బోర్డు మీద చెప్పు. వీళ్ళందరూ నమ్మేదాకా చెప్పు" అని వెనక బెంచీలో సున్నా పక్కన సర్దుకుని కూచుంది.

మూడో సెక్షన్ గాడిలో పడడం అక్కడ మొదలైంది. తొందరగా ఏం పడలేదు. తెలీదన్నవాణ్ణి ఆమె తిట్టేది కాదు, వదిలేదీ కాదు. "సరే, తిరిగి నీ దగ్గరికే వస్తా" అని ముందుకెళ్ళి, ఇంకొకళ్ళ చేత చెప్పించి, నిజంగానే వెనక్కొచ్చి మళ్ళీ వాణ్ణే అడిగేది. గంట కొట్టినా అడిగేది. ఒప్పు చెప్పినా వదిలేది కాదు. ఎందుకు అనేది. వారం తిరక్కుండా ఆమెకు 'ఎందుకు టీచర్' అని పేరు పడిపోయింది. నీళ్ళ కుళాయి దగ్గర కూడా ఒకళ్ళనొకళ్ళు ఎందుకు ఎందుకు అని పీక్కు తినేవాళ్ళు. మొదటి సెక్షన్‌కి ఏ లెక్కలిస్తే వీళ్ళకీ అవే ఇచ్చేది. "మాకు సులువైనవి ఇవ్వండి టీచర్" అని బతిమాలితే, "మీరు నాకు అంత తక్కువగా కనిపిస్తున్నారా?" అని అడిగేది. కొందరు సిగ్గుపడేవాళ్ళు. సిగ్గుపడ్డాక చేసేవాళ్ళు.

ఇంటికెళ్ళేసరికి ఆమె గొంతు బొంగురుపోయేది. అత్తగారు వేడినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "అరుపులన్నీ అక్కడే ఖర్చుపెట్టుకుని రా తల్లీ. ఇలాంటి కోడలు ఎంతమందికి దొరుకుతుంది?" అనేది. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే భర్త, గోళ్ళలో నల్లటి గ్రీజు కిరసనాయిలుతో తుడుచుకుంటూ ఆ రోజు సున్నా ఏమన్నాడో అడిగి చెప్పించుకునేవాడు. ఆ ఇంట్లో అందరికీ మూడో సెక్షన్ పిల్లలు చుట్టాలైపోయారు.

ఆ ఏడాది చివర జిల్లా అంతటికీ ఒకే పేపరు పెట్టారు. దిద్దింది వేరే ఊరివాళ్ళు. ఫలితాలొచ్చిన రోజు హెడ్‌మాస్టర్ కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూశాడు. లెక్కల్లో మూడో సెక్షన్ మొదటి సెక్షన్‌ని దాటేసింది. సున్నా పాసయ్యాడు. పాసవడం కాదు, బాగా పాసయ్యాడు. గొణుగుడు పిల్లకి వచ్చిన మార్కు బడి మొత్తంలో ఎవరికీ రాలేదు. ఆ పిల్ల కాగితం పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "టీచర్, ఆసుపత్రిలో మందులిచ్చే అక్క ఉంటుంది కదా, ఆవిడ ఏం చదువుకుని ఉంటుంది?" అని అడిగింది. ఆ సంవత్సరంలో తన కోసం గొణక్కుండా అడిగిన మొదటి ప్రశ్న అది. లెక్కల టీచరు ఏం చదవాలో చెప్పి, "నువ్వు చదవగలవు" అంది. అంత తేలిగ్గా అంది.

విద్యాశాఖ అధికారి స్వయంగా చూడ్డానికొచ్చాడు. చెడ్డవాడు కాదు. వెనక బెంచీలో ఇరుక్కుని కూచుని పీరియడంతా కదలకుండా విన్నాడు. బయటికొచ్చాక ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"ముప్పయ్యేళ్ళుగా బడులు చూస్తున్నానమ్మా. ఇలాంటి క్లాసు చూళ్ళేదు. మిమ్మల్ని ఈ రేకుల గదిలో ఉంచితే అది మా తప్పు. శిక్షణ కేంద్రానికి రండి. జిల్లాలో టీచర్లందరికీ ఇది నేర్పండి."

"నా పిల్లలు తొమ్మిదిలోకి వస్తున్నారు సార్. వాళ్ళని ఎవరు చూస్తారు?"

"వేరే టీచర్ని వేస్తాం. అది మాకొదిలెయ్యండి."

ఇంట్లో ఆ సాయంత్రం చాలాసేపు మాటలు నడిచాయి. భర్త వెళ్ళమన్నాడు. "నువ్వు ఒక్క గదిలో చేసింది వందగదుల్లో జరిగితే ఎంతమంది బాగుపడతారు, ఆలోచించు" అన్నాడు. అత్తగారు మాత్రం, "ఏమో, కుదురుగా ఉన్న మొక్కని పీకి ఇంకోచోట పెడతామంటే నాకు మనసొప్పదు" అంది. లెక్కల టీచరు లెక్క వేసుకుంది. ఒక గది, వంద గదులు. ఆ లెక్కలో తప్పెక్కడుందో ఆమెకు కనపడలేదు.

వెళ్తున్నానని పిల్లలకు చెప్పిన రోజు ఎవరూ ఏడవలేదు. సున్నా లేచి నిలబడి, "ఎందుకు టీచర్?" అన్నాడు.

"ఇంకా చాలామంది పిల్లలకి ఉపయోగపడుతుందిరా."

వాడు కాసేపు ఆలోచించి కూచున్నాడు. ఆమెకు బాగా తెలిసిన మొహం అది. జవాబు ఒప్పే అయినా ఎందుకు ఒప్పో అర్థంకాని మొహం.

శిక్షణ కేంద్రంలో పెద్ద హాలు, గోడకు తెర, ఎత్తుగా తిరిగే ఫ్యాన్లు ఉండేవి. విడతలు విడతలుగా టీచర్లొచ్చి కూచునేవారు. ఆమె మొదట్లో ప్రాణం పెట్టి చెప్పింది. తప్పు సమాధానాన్ని ఎలా పట్టుకోవాలి, తెలీదన్నవాడి దగ్గరికి ఎలా తిరిగి రావాలి, కష్టమైన లెక్క ఇచ్చి పక్కన ఎలా నిలబడాలి. కొందరు శ్రద్ధగా రాసుకున్నారు, ఎక్కువమంది టీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూశారు. ఆమె వాళ్ళని తప్పుపట్టలేకపోయింది. ఒకాయన విరామంలో దగ్గరికొచ్చి చెప్పాడు. "మీరు చెప్పేవన్నీ నిజమే మేడమ్. నేను మూడు తరగతులకి ఒక్కణ్ణే. ఒకళ్ళకి చెప్తుంటే మిగతా రెండు తరగతులూ వీధిలో ఉంటాయి. ఎవరి దగ్గరికి తిరిగి రమ్మంటారు?" ఆమె దగ్గర ఆ ప్రశ్నకు స్లైడు లేదు.

కేంద్రం వాళ్ళు ఆమె ఫొటో వేసి, 'ఆశ పెంచండి, ఫలితం పెరుగుతుంది' అని పెద్ద పోస్టరు అచ్చేసి బడులన్నిటికీ పంపించారు. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు.

ఒకరోజు శిక్షణ తొందరగా అయిపోతే ఆమె పాత బడికి వెళ్ళింది. వరండాలో నడుస్తుంటే సుత్తి మోత వినిపించింది గానీ పిల్లల గొంతులు వినపడలేదు. తొమ్మిదో తరగతికొచ్చినా మూడో సెక్షన్‌ని అదే రేకుల గదిలో ఉంచారు. అక్కడ భూగోళం చెప్పే కుర్ర మాస్టారు ఒక చేత్తో గైడు పట్టుకుని, రెండో చేత్తో బోర్డు నిండా లెక్క రాస్తున్నాడు. పిల్లలు గీత తప్పకుండా దించుకుంటున్నారు. తలుపు మీద ఆ పోస్టరు అంటించి ఉంది.

ఆమెను చూసి ఆయన మొహం ఎర్రబడింది. వరండాలోకొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"నాకు లెక్కలు రావు మేడమ్. టెన్త్‌తోనే వదిలేశా. పోస్టు ఖాళీగా ఉంది, ఎవర్నీ వెయ్యలేదు. ఖాళీగా కూచోబెట్టడం కన్నా ఇదైనా నయమని హెడ్‌మాస్టర్ గారు నన్ను పంపారు. మొదట్లో ఆ పిల్లలు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని అడిగేవాళ్ళు. నేనేం చెప్పను? నీళ్ళు నమిలేవాణ్ణి. ఒకరోజు విసుగొచ్చి అరిచా. తర్వాత అడగడం మానేశారు."

"సున్నా ఏడి?"

"వాళ్ళ నాన్న పనికోసం వేరే ఊరెళ్ళిపోయాడు. వీణ్ణీ తీసుకెళ్ళాడు. టీసీ కూడా తీసుకోలేదు."

ఆమె లోపలికెళ్ళింది. పిల్లలు లేచి నిలబడ్డారు, నవ్వారు కూడా. గొణుగుడు పిల్ల అదే కిటికీ పక్కన ఉంది. లెక్కల టీచరు బోర్డు మీద సగం చెరిపి ఒక తప్పు లెక్క రాసి, "ఎక్కడుంది తప్పు?" అని అడిగింది. సుత్తి ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆమె గొణుగుడు పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల పెన్ను పట్టుకుని వినయంగా చూస్తోంది.

"ఒప్పేదో చెప్పండి టీచర్, రాసుకుంటాం."

ఆ మాటలో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. లేదు.

మర్నాడే ఆమె అధికారి దగ్గరికెళ్ళి తనను వెనక్కి పంపమని అడిగింది. ఆయన నొచ్చుకున్నాడు. "ఒక్క సెక్షన్ కోసం జిల్లా పని ఆపమంటారా? మీలాంటివాళ్ళని తయారుచెయ్యడానికే కదమ్మా మిమ్మల్ని తెచ్చుకున్నది." ఖాళీలు ఆయన చేతిలోనూ లేవు. పైకి రాశాడు, పైనించి ఏమీ రాలేదు. ఆమె ఆ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. కాదన్నవాళ్ళు లేరు, ఔనన్నవాళ్ళూ లేరు. పోనీ అని శనివారం మధ్యాహ్నాలు తనే బడికెళ్ళి కూచునేది. మొదట సెక్షన్లో సగంమంది వచ్చారు. వాళ్ళకి మర్చిపోయింది గుర్తుచేసేలోపు మధ్యాహ్నం అయిపోయేది. తర్వాత శనివారాలు కూడా శిక్షణ పెట్టారు. రాలేనని కబురు పంపింది. ఇంకోసారి పంపింది. మూడోసారి కబురందుకోవడానికి అక్కడ ఎవరూ రాలేదని భూగోళం మాస్టారు ఫోన్లో చెప్పాడు.

ఆ రోజుల్లో ఆమె ఇంట్లో మాట్లాడడం తగ్గించేసింది. గొంతు బొంగురుపోవడం లేదు కాబట్టి వేడినీళ్ళ పని కూడా లేదు. భర్త ఒకసారి, "నేనే వెళ్ళమన్నాను కదా" అన్నాడు, స్పానరు తుడుస్తూ. "నువ్వు చెప్పినా చెప్పకపోయినా వెళ్ళేదాన్నే" అంది ఆమె. అది ఆయన్ని ఓదార్చడానికి అన్నమాట కాదు. నిజం.

శిక్షణకు ఇచ్చే నిధులు ఆగిపోయాయని కేంద్రాన్ని మూసేసి ఆమెను పాత బడికే పంపేసరికి ఆ పిల్లలు పదో తరగతి పరీక్షలు రాసేశారు. లెక్కల్లో ఆ సెక్షన్ నుంచి పాసైనవాళ్ళని హెడ్‌మాస్టర్ ఒక చేతి వేళ్ళ మీద చెప్పాడు. "నేను ముందే అన్నాను మేడమ్, ఆశ పెట్టుకోవద్దని" అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, జాలిగా. ఆమెకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆయన చెప్పిందే చివరికి రుజువైనట్టయింది. అలా అవడానికి తనే కారణమైంది.

కొన్నాళ్ళకి గొణుగుడు పిల్ల మార్కుల కాగితం తీసుకోవడానికొచ్చింది. ఎత్తు పెరిగింది. ఆసుపత్రిలో తుడిచేవాళ్ళకిచ్చే నీలం కోటు మడిచి చంకలో పెట్టుకుంది. గుమస్తా సంతకం పెట్టించుకుంటుంటే లెక్కల టీచరు చూసి దగ్గరికెళ్ళింది.

"పని చేస్తున్నావా?"

"అమ్మకి నడుం పట్టేసింది టీచర్. ఆవిడ డ్యూటీ నేను చేస్తున్నా."

"ఒక్క లెక్కలే కదా పోయింది. మళ్ళీ రాద్దువుగాని. నేనొచ్చేశాను, రోజూ సాయంత్రం చెప్తా. మీ ఇంటికే వచ్చి చెప్తా."

"వద్దు టీచర్."

"నీకొచ్చు. నీకు రాకపోవడమేంటి? సగం కన్నా తక్కువ ఎలా అవుతుందని అడిగింది నువ్వే."

"నాకు గుర్తులేదు టీచర్." ఆ పిల్ల మార్కుల కాగితాన్ని మడిచి, మడత మీద గోరుతో గీసింది. తర్వాత, తిట్టాలని గానీ నొప్పించాలని గానీ లేకుండా, లెక్కలో ఒక మెట్టు చెప్పినట్టు చెప్పింది. "మీరు రాకముందు మాకు చదువు రాదని మాకు తెలుసు. బాధుండేది కాదు. మీరొచ్చి వస్తుందన్నారు. వచ్చింది కూడా. మందులిచ్చే అక్క కిటికీ ముందు నించే రోజూ తుడుచుకుంటూ వెళ్తాను టీచర్. మీరు ఆ మాట చెప్పకుండా ఉంటే, అది నాకు మామూలు కిటికీలాగే ఉండేది."

లెక్కల టీచరు ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల లాక్కోలేదు, కాసేపు పట్టుకోనిచ్చింది. తర్వాత డ్యూటీకి ఆలస్యమవుతుందని చెప్పి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. గేటు దాటేటప్పుడు కోటు విప్పి తొడుక్కుంది.

సెలవులయ్యాక ఆమెకు మళ్ళీ ఎనిమిదో తరగతి మూడో సెక్షనే ఇచ్చారు. ఎవరు ఏమనుకుంటారో అనిగానీ, మానెయ్యాలని గానీ ఆమెకు లేదు. సుద్దముక్క తీసుకుని గదిలోకెళ్ళింది. చెప్పడం చేతిలో ఉన్న పని. చేతులు మర్చిపోలేదు. తప్పు పట్టించింది. తెలీదన్నవాడి దగ్గరికి తిరిగొచ్చింది. ఆ కొత్త పిల్లలు కూడా మెల్లగా తల ఎత్తడం మొదలుపెట్టారు. హెడ్‌మాస్టర్ వరండాలోంచి చూసి, ఈవిడ మారలేదని తలాడించుకుంటూ వెళ్ళాడు.

ఒక మధ్యాహ్నం ముందు బెంచీలో ఒక బక్కపిల్ల, ఎప్పుడూ నోరు విప్పనిది, బోర్డు దగ్గరికొచ్చి కష్టమైన లెక్కొకటి చేసింది. మధ్యలో ఆగి, చెరిపి, మళ్ళీ రాసి, చివరికొచ్చింది. ఒప్పయింది. అది ఒప్పని ఆ పిల్లకి తనంతట తనకే తెలిసింది. సుద్ద అంటిన చేతుల్ని గౌనుకి తుడుచుకుంటూ, మొహమంతా వెలిగిపోతూ, నిజమేనా అన్నట్టు టీచరు కళ్ళలోకి చూసింది.

లెక్కల టీచరుకు ఏం అనాలో తెలుసు. 'నువ్వు చదవగలవు' అన్న ఆ మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఆమె ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయింది. బోర్డు వైపు తిరిగి, తుడిచేసి, "తర్వాతి లెక్క రాసుకోండి" అంది.